జింకలు బోలెడు, కొమ్ములు మాత్రం లేవు: హిల్ కంట్రీ రాంచ్‌లో సమస్యలు - పరిష్కారాలు

టెక్సాస్ హిల్ కంట్రీలో, అంటే ల్యానో, మేసన్, కెర్ కౌంటీల వైపు, తెల్లతోక జింకలు కిక్కిరిసి ఉంటాయి. అక్కడ రాంచ్ (పశువులు మేపే పెద్ద భూమి) కొన్నా, వేటకు లీజుకు తీసుకున్నా ఎదురయ్యే ఇబ్బందులివి.

సమస్య: ఫీడర్ (జింకలకు మేత పోసే డబ్బా) దగ్గర మంద మంద దిగుతోంది. ఒక్క మగజింకకూ చెప్పుకోదగ్గ కొమ్ముల్లేవు.

జాతి మంచిది కాదని, బయటి నుంచి మగజింకను తెచ్చి వదలాలని చాలామంది సలహా ఇస్తారు. ఆ ఖర్చు పెట్టేముందు చెట్ల దగ్గరికి వెళ్లి చూడండి. స్పానిష్ ఓక్ కింద ఛాతీ ఎత్తు వరకు ఆకన్నదే లేకుండా కత్తిరించినట్టు గీత కనిపిస్తోందా? జింకలు ఇష్టపడని సీడర్ చెట్ల కొమ్మలు కూడా కొరికి ఉన్నాయా? అయితే కారణం మేత చాలకపోవడమే. తిన్నది ముందు ఒంటికి పోతుంది, మిగిలితేనే కొమ్ములకు.

ఇంకో బస్తా మొక్కజొన్న పోస్తే ఇది తీరదు. కొమ్ములు బాగా ఎదగాలంటే మేతలో దాదాపు 16 శాతం ప్రొటీన్ కావాలి, మొక్కజొన్నలో 10 శాతానికి మించదు.

చేయాల్సింది ఆడజింకలను తగ్గించడం. మనసొప్పకపోవచ్చు, కానీ అవి ఏటా ఒకటో రెండో పిల్లల్ని పెడుతుంటే మగవాటినే ఏరి కాల్చి లాభం లేదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో రాత్రిపూట స్పాట్‌లైట్‌తో లెక్క వేసుకోండి. ఎన్ని తీయాలో రాష్ట్ర వన్యప్రాణి శాఖ బయాలజిస్ట్ ఉచితంగానే చెబుతారు. తీసేవేవో వేట సీజన్ మొదట్లోనే తీయండి, చలికాలం మేత మిగిలినవాటికి దక్కుతుంది. మాంసం మాత్రం వృథా కానివ్వకండి.

సమస్య: కనిపించే మగవన్నీ కుర్రవే.

ఏడాదిన్నరకే కాల్చేస్తున్నారు. కొమ్ములు నిండుగా వచ్చేది ఐదు నుంచి ఏడేళ్ల మధ్య. సన్నటి మెడ, పొడవుగా కనిపించే కాళ్లు ఉంటే వదిలేయండి. మెడ ఛాతీలో కలిసిపోయి, పొట్ట జారి, కాళ్లు పొట్టిగా కనిపిస్తే అది ముదురు జింక.

సమస్య: పిల్లలు నిలవడం లేదు.

గడ్డి చూడండి. పుట్టిన కొత్తలో పిల్ల గడ్డిలో కదలకుండా పడుకుంటుంది. పశువులు నేల బోసిపోయేలా మేస్తే కాయోటీలకు (నక్కలాంటి వేటజంతువులు) సులువుగా దొరుకుతుంది. మే, జూన్ నెలల్లో కొంత భాగంలో పశువుల్ని మేపకండి.

సమస్య: చుక్కల దుప్పులు పెరిగి, తెల్లతోకవి తగ్గుతున్నాయి.

ఇవి మన అడవుల దుప్పులే, 1932లో టెక్సాస్‌కు తెచ్చారు. మన దేశంలో 1972 చట్టం ప్రకారం వీటి వేట నేరం. అక్కడ లైసెన్స్ ఉంటే ఏడాది పొడవునా వేటాడొచ్చు. తెల్లతోక జింక ముఖ్యంగా ఆకు, కలుపు మొక్కల మీద బతుకుతుంది. దుప్పి అవి తిని, అయిపోతే గడ్డితోనూ గడిపేస్తుంది. ఇలాగే గడ్డి మీద బతకగల జపాన్ సికా జింకలతో కెర్ ప్రభుత్వ క్షేత్రంలో ప్రయోగం చేశారు. 1971లో 96 ఎకరాల కంచెలో రెండు జాతులవీ ఆరేసి వదిలితే, 1979కి తెల్లతోకది ఒక్కటీ మిగల్లేదు.

అందుకే ముందు దుప్పులను తగ్గించండి. పక్క రాంచ్‌వాళ్లతో మాట్లాడి కలిసి చేయండి, మామూలు కంచె వాటిని ఆపదు.