కాలేజీలో వేడి విషయం మీద బహిరంగ చర్చ: తీర్మానం నుంచి లెక్కింపు దాకా

చాలా కాలేజీ చర్చలు పోస్టరు మీద వాక్యం రాసిన రోజే చెడిపోతాయి. ‘ఉచిత పథకాలు దేశానికి మేలా, కీడా?’ అని పెట్టామంటే అది వక్తృత్వ పోటీ అయిపోతుంది. ఒకరు శ్రీలంకలా దివాలా తీస్తామంటారు, ఇంకొకరు రాజ్యాంగం అంటారు, ఇద్దరికీ చప్పట్లు పడతాయి, ఎవరి మాటా ఎవరికీ తగలదు. తీర్మానం బాగుందా లేదా అని చూడటానికి ఒక్క పరీక్ష చాలు: దాన్ని రేపు ఒక జీవోగా రాయొచ్చా?

‘పదెకరాలు దాటిన పట్టాదారుకు రైతు భరోసా ఆపాలి’ అన్నది రాయొచ్చు. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే ఈ పెట్టుబడి సాయం ఎకరాకు ఏడాదికి 12,000, అంటే పదెకరాలకు 1,20,000. ఆ పైన ఉన్నవాళ్ళకు ఎందుకివ్వాలి, ఎందుకివ్వకూడదు అని లెక్కతో వాదించొచ్చు. డబ్బు పాసుబుక్కు ఉన్నవాళ్ళ ఖాతాలో పడుతుంది కాబట్టి కౌలు రైతు ప్రశ్న తనంతట తానే వస్తుంది. నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో డిగ్రీ పిల్లలకు ఇంతకన్నా దగ్గరి విషయం దొరకడం కష్టం. హాల్లో సగం మంది ఇళ్ళలో ఆ డబ్బు ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసేవాళ్ళే.

రెండో సంగతి, హాల్లో రెండు పక్షాలూ ఉండాలి. ‘కృష్ణా నీళ్ళలో తెలంగాణ వాటా పెరగాలి’ అని పెడితే పాలమూరులో కాదనేవాడు దొరకడు. అదే నీళ్ళ మీద చర్చ కావాలంటే మన లోపలి తగువు వెతకండి. సాగర్ నీళ్ళు నల్గొండ జిల్లా అక్కంపల్లి రిజర్వాయరు మీదుగా హైదరాబాద్‌కు తాగడానికి పోతాయి. ‘హైదరాబాద్ నీటి బిల్లులో నల్గొండకు వాటా ఇవ్వాలి’ అనండి, హాస్టల్లోనే రెండు జట్లు తయారవుతాయి.

తేలిపోయిన విషయాన్ని మళ్ళీ తవ్వొద్దు. ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేయొచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6–1తో చెప్పింది. తెలంగాణ చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ‘వర్గీకరణ ఉండాలా?’ అంటే చర్చ విధానం మీద ఉండదు, పక్కన కూర్చున్న మనిషి మీదికి పోతుంది. రిజర్వేషన్ల మీద చర్చ పెట్టొద్దని కాదు, కాలేజీలో అది మొదటి చర్చ కాకూడదు. మహిళలకు ఉచిత బస్సుతో మొదలుపెట్టండి. 2023 డిసెంబరు 9న మొదలైన పథకం, రోజూ పల్లెవెలుగులో వచ్చే అమ్మాయిలు, సీటు దొరకని అబ్బాయిలు, అందరికీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. చేయి తిరిగాక పెద్దవాటికి పోవచ్చు.

అనుమతి, తేదీ

ప్రిన్సిపాల్ గారికి ఇచ్చే కాగితం ఒక్క పేజీ చాలు. తీర్మానం అచ్చంగా అదే మాటల్లో, సమయాల పట్టిక, అధ్యక్షత వహించే లెక్చరర్ పేరు, బయటివాళ్ళు ఎవరొస్తారు అన్నవి ఉండాలి. ‘సామాజిక అంశాలపై చర్చ’ అని డొంకతిరుగుడుగా రాసి అనుమతి తీసుకుంటే, తర్వాత ఒక్క ఫోన్ వచ్చినా ఆయన మీ వెనక నిలబడరు. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో ప్రభుత్వ కాలేజీలో పెట్టుకోకండి. ఊళ్ళో పోలీసు ఆంక్షలు ఏమైనా ఉన్నాయేమో స్టేషన్లో ముందే కనుక్కోండి. గుంపులుగా చేరొద్దనే పాత 144 సెక్షన్ ఇప్పుడు కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 163.

సమయం పొద్దున 11 నుంచి 1 వరకు. దేవరకొండ వైపు నుంచో, కొల్లాపూర్ వైపు నుంచో వచ్చే పిల్లలు మధ్యాహ్నం దాటితే బస్సు కోసం లేస్తారు. చివరి ఓటు వేయాల్సిన వేళకు హాలు సగం ఖాళీ అయితే చేసిందంతా వృథా. సెమిస్టర్ పరీక్షలకు నెల ముందు ఆపేయాలి. ఎండాకాలం రేకుల హాల్లో అసలే వద్దు.

ఒక పేజీ లెక్కలు

రెండు పక్షాలూ ఒప్పుకున్న లెక్కల కాగితం ఒకటి వారం ముందే తయారు కావాలి. పది పన్నెండు వాక్యాలు, అంతే. ప్రతి వాక్యం పక్కన అది జీవోనా, కోర్టు తీర్పా, అసెంబ్లీలో చెప్పిందా రాయాలి. ఒక పక్షం ఒప్పుకోని వాక్యాన్ని కొట్టేయండి, దాని మీద స్టేజీ మీదే కొట్లాడుకుంటారు. ఇది లేకపోతే ఏమవుతుందో నల్గొండ ఫ్లోరైడు చర్చల్లో కనిపిస్తుంది. ఒకరు లీటరుకు 1 మిల్లీగ్రాము హద్దంటారు, ఇంకొకరు 1.5 అంటారు, పది నిమిషాలు అక్కడే పోతాయి. భారత ప్రమాణంలో రెండూ ఉన్నాయి: 1 ఉండాల్సిన హద్దు, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా సరే. కాగితంలో ఆ ఒక్క వరుస ఉంటే తగువే లేదు.

మాట్లాడేవాళ్ళు

పక్షానికి ఇద్దరు. పక్షాన్ని చీటీ తీసి ఇవ్వండి. సొంత అభిప్రాయం ఉన్నవాళ్ళే గట్టిగా మాట్లాడతారని లెక్చరర్లు అంటారు, నిజమే, కానీ చర్చ అయ్యాక ఆ పిల్ల అదే ఊరికి, అదే వాడకు పోవాలి. ఎస్సీ రిజర్వేషన్ల మీద ఎస్సీ విద్యార్థిని, మతం మీద ముస్లిం విద్యార్థిని ‘మీవాళ్ళ తరఫున’ అని ఎక్కించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

చీటీ సంగతి అధ్యక్షులు మొదట్లో ఒకసారి చెబితే సరిపోదు. ముప్పై సెకన్ల ముక్క కోసి వాట్సాప్‌లో పెట్టేవాళ్ళు ఆ మొదటి మాటను కోయరా? అందుకే బల్ల ముందు మూరెడు వెడల్పు ఫ్లెక్సీ కట్టండి, మైకుకు సరిగ్గా కింద: ‘పక్షం చీటీ ద్వారా వచ్చింది’. అక్షరాలు వెనక వరుసకు కనిపించేంత ఉండాలి. ఎవరు ఎక్కడ కోసినా ఆ మాట ఫ్రేములోనే ఉంటుంది. కాలేజీ తరఫున ఒక ఫోన్‌తో మొత్తం రికార్డు చేసి ఉంచుకోండి. కులం పేరుతో ఎవరినైనా కించపరిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించొచ్చని నలుగురికీ రిహార్సల్‌లోనే చెప్పాలి.

ఆ రెండు గంటలు

ప్రారంభం, నియమాలు: 10 నిమిషాలు
మొదటి స్లిప్పు (చర్చకు ముందు ఓటు): 5
నలుగురి ప్రసంగాలు, తలా 6: 24
ఒకరినొకరు ప్రశ్నించుకోవడం: 10
సభ ప్రశ్నలు: 35
ముగింపు మాటలు, పక్షానికి 3: 6
రెండో స్లిప్పు (చివరి ఓటు): 5
లెక్కింపు: 15

మొత్తం 110 నిమిషాలు. మిగిలిన పది ఆలస్యానికి. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, బొకేలు వద్దంటే వినరు గానీ, వాటిని ఆ మొదటి పది నిమిషాల్లోనే ముగించండి. ముఖ్య అతిథి ప్రసంగాన్ని లెక్కింపు జరిగే 15 నిమిషాల్లో పెట్టండి. ఆయనకు మర్యాద దక్కుతుంది, ఫలితం కోసం జనం కదలకుండా కూర్చుంటారు, పైగా చర్చకు ముందే ఆయన తీర్పు చెప్పేసే ప్రమాదం తప్పుతుంది.

సభ ప్రశ్నలప్పుడు మైకు వాలంటీరు చేతిలోనే ఉండాలి, అడిగేవాళ్ళకు ఇవ్వకూడదు. చేతికి వెళ్ళిన మైకు తిరిగి రాదు. ఒక్కొక్కరికి 30 సెకన్లు, చివర ప్రశ్న ఉండి తీరాలి. మొదటి ప్రశ్న అమ్మాయి చేత అడిగించండి. మొదటి అయిదు అబ్బాయిలవే అయితే ఆ తర్వాత అమ్మాయిల చేయి లేవడం చాలా అరుదు. అలా లేవలేనివాళ్ళ కోసం కాగితం మీద రాసిచ్చే ప్రశ్నలకు ఓ డబ్బా పెట్టండి.

విద్యార్థి సంఘాల నాయకులను ముందురోజే కలవండి. ‘అన్నా, మీకు ముందు వరుసలో రెండు సీట్లు, ఒక ప్రశ్న ఖాయం’ అని చెప్పి, అన్ని సంఘాలకూ అదే మాట ఇవ్వండి. పిలవని సంఘమే గేటు దగ్గర నినాదాలిస్తుంది. లోపల నినాదాలు మొదలైతే అధ్యక్షులు వాదించొద్దు. మైకు ఆపించి, లేచి నిలబడి, గడియారం ఆపామని చేత్తో చూపించాలి. పోతున్నది తమ ప్రశ్నల సమయమే అని తెలిస్తే పక్కవాళ్ళే కూర్చోబెడతారు.

సౌండు బాక్సులు మాట్లాడేవాళ్ళ వెనక పెడితే మైకు కూస్తుంది. వాళ్ళకన్నా ముందుకు జరిపి సభ వైపు తిప్పండి. కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఆంప్లిఫయర్ ఒకటి పక్కన ఉండాలి.

స్లిప్పులు

చేతులెత్తించే ఓటు పనికిరాదు. పక్కవాడు చూస్తాడు, లెక్చరర్ చూస్తారు. పైగా హాల్లో ఎవరు ఎక్కువుంటే వాళ్ళే గెలుస్తారు. లెక్కించాల్సింది ఎంతమంది మనసు మార్చుకున్నారన్నది.

ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడిచి కోస్తే ఎనిమిది స్లిప్పులు. 160 మందికి 320 స్లిప్పులు, అంటే 40 కాగితాలు. ఒక్కో నంబరు రెండు స్లిప్పుల మీద రాసి జతగా పిన్ను కొట్టి, కలిపేసి పంచండి, ఏ నంబరు ఎవరికి పోయిందో మీకే తెలియకూడదు. అవును, కాదు, తేల్చుకోలేదు అని మూడు గడులు. ఒకటి చర్చకు ముందు, రెండోది చివర.

ఉదాహరణకు ముందు అవును 70, కాదు 50, తేల్చుకోలేదు 40 అనుకోండి. చివర అవును 78, కాదు 70, తేల్చుకోలేదు 12. ఎక్కువ ఓట్లు ‘అవును’వే, కానీ ‘కాదు’ పక్షానికి 20 పెరిగాయి, ‘అవును’కు 8. చర్చ ‘కాదు’ పక్షం గెలిచినట్టు.

లెక్కించేటప్పుడు నంబరు ప్రకారం జతలు కలిపి బల్ల మీద తొమ్మిది కుప్పలు పోయండి: అవును నుంచి అవును, అవును నుంచి కాదు, అలా. జత దొరకని స్లిప్పు పక్కన పడేయాలి. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళను, ఆలస్యంగా వచ్చినవాళ్ళను కలిపితే మార్పు లెక్క తప్పుతుంది. నలుగురు కూర్చుంటే, అందులో పక్షానికొకరు ఉంటే, పావుగంటలో అయిపోతుంది. ‘అవును నుంచి కాదు’, ‘కాదు నుంచి అవును’ కుప్పలను విడిగా చదివి వినిపించండి. ఎంత చిన్నవైనా సభ చెవులు రిక్కించేది వాటికే.

మరునాడు నోటీసు బోర్డు మీద ఫలితం, లెక్కల కాగితం పెట్టి, వాటి పక్కన చర్చలో రెండు పక్షాలూ తప్పుగా చెప్పిన అంకెలు, వాటి సరైన రూపం రాసి అంటించండి. అందులో ఎవరు తప్పు చెప్పారన్న పేర్లు రాయకండి.