ఆవిరి యుద్ధనౌక శ్రేణిని తేల్చడం ఎలా?

ఇది 19వ శతాబ్దపు బ్రిటిష్ నౌకాదళం లెక్క. శ్రేణి అంటే యుద్ధనౌక స్థాయి; మొదటిది అన్నిటికన్నా పెద్దది, ఆరోది చిన్నది. నౌక పేరు, నోటుబుక్కు, పెన్సిలు ఉంటే చాలు. పెన్ను వద్దు. లెక్క తప్పితే చెరిపి రాయాల్సి వస్తుంది. పైగా ఒకే నౌక హోదా కాలంతో మారుతుంది.

1. ముందు సంవత్సరం రాయండి. సంవత్సరం లేని శ్రేణికి అర్థం లేదు.

2. చక్రాలా, ప్రొపెల్లరా చూడండి. పక్కన తిరిగే చక్రాలు ఫిరంగుల చోటును తినేస్తాయి. 1845 నాటి చక్రాల నౌక టెరిబుల్ ఇరవైకి అటూఇటూ ఫిరంగులతోనే ఫ్రిగేట్ అనే రకం యుద్ధనౌక అనిపించుకుంది.

3. ప్రధాన ఫిరంగులు ఒకే డెక్కు (ఓడ అంతస్తు) మీద ఉంటే ఫ్రిగేట్ అని రాసుకోండి.

4. ఇప్పుడు శ్రేణి. దాదాపు అందరూ బోల్తాపడేది ఇక్కడే. తెరచాపల కాలపు పట్టిక తీసి, ఫిరంగులు లెక్కపెట్టి, వందకు పైన ఉంటే మొదటి శ్రేణి అని రాసేస్తారు. దయచేసి అలా చేయకండి.

1860లో నీటిలోకి దిగిన వారియర్‌నే తీసుకోండి. ఫిరంగులు 40. పాత పట్టిక ప్రకారం అయిదో శ్రేణి. కానీ దాని ఇనుప కవచం మందం నాలుగున్నర అంగుళాలు. 121 ఫిరంగుల కొయ్య నౌక విక్టోరియా దాని ముందు నిలవగలిగేది కాదు. 1876లో నీటిలోకి దిగిన ఇన్‌ఫ్లెక్సిబుల్‌కు పెద్ద ఫిరంగులు నాలుగే, ఒక్కోటి 80 టన్నులు. వాటిని వేళ్ల మీద లెక్కపెడితే ఏం తెలుస్తుంది?

అందుకే మనుషులను లెక్కపెట్టండి. 1856 నిబంధనలు ఫిరంగులతో పాటు సిబ్బందినీ కొలతగా తీసుకున్నాయి. 1000 మంది, ఆపైన ఉంటే మొదటి శ్రేణి. 800 నుంచి రెండోది, 600 నుంచి మూడోది. వారియర్ సిబ్బంది 700 పైచిలుకు కాబట్టి అది మూడో శ్రేణి ఫ్రిగేట్. ఈ రెండు మాటలూ కలిపే రాయాలి. లెక్కలో బొగ్గు వేసేవాళ్లు, మెరైన్లు (ఓడ మీది సైనికులు) కూడా ఉండాలి. ఏదో ఒక రోజు ఓడలో ఎంతమంది ఉన్నారన్నది కాదు, ఆ ఓడకు మంజూరైన సంఖ్యే తీసుకోవాలి.

చిన్న ఓడల దగ్గర ఇంకా జాగ్రత్త. కెప్టెన్ నడిపితే కనీసం ఆరో శ్రేణి. అదే ఓడను కెప్టెన్ కన్నా కింది కమాండర్ హోదా అధికారికి అప్పగిస్తే స్లూప్ (చిన్న యుద్ధనౌక), ఇక శ్రేణి లేదు. ఓడలో ఒక్క మేకు మారకపోయినా సరే.

అశ్వశక్తితో శ్రేణి కట్టేవాళ్లూ ఉన్నారు. అది పూర్తిగా తప్పుదారి. వారియర్ నామమాత్రపు అశ్వశక్తి 1250. పరీక్షల్లో ఇంజిన్ నిజంగా ఇచ్చింది 5 వేలకు పైనే. మొదటిది సిలిండర్ కొలతల నుంచి సూత్రంతో కట్టింది, రెండోది నడుస్తున్న సిలిండర్‌లోని ఆవిరి ఒత్తిడిని కొలిచి తేల్చింది. ఒక పుస్తకం నుంచి ఇదీ మరో పుస్తకం నుంచి అదీ తీసి పోల్చితే పట్టిక మొత్తం చెడుతుంది.

5. 1880ల చివరికి వస్తే పని తేలిక. బ్యాటిల్‌షిప్, క్రూయిజర్, ఒక్కోదాంట్లో మూడు తరగతులు. వారియర్ కూడా తర్వాత కవచ క్రూయిజర్ల జాబితాలోకి మారింది. పాత హోదా కొట్టేయకుండా పక్కనే సంవత్సరంతో రాయండి.

ఫ్రెంచి నౌకలకు ఈ పట్టిక పనికిరాదు. ఫ్రాన్సు ఇనుప కవచ నౌక లా గ్లువార్ కోసం కొత్త పేజీ తీయండి.