డీవో మీటర్ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) తప్పు చూపిస్తోందా? ముందు అది ఎవరి చేతిలో ఉందో చూడండి

పోయిన వేసవిలో తోటపల్లిగూడూరు వైపు నుంచి ఒక రైతు తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోన్ చేశాడు. "అన్నా, రొయ్యలు గట్టు పక్కకొచ్చి తేలతా ఉన్నాయి, మీటరేమో ఐదు పైనే చూపిస్తా ఉంది" అన్నాడు. మీటర్ సంగతి తర్వాత, ముందు ఏరేటర్లన్నీ (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వేయించు అని చెప్పి బండెక్కాను. పోయి ప్రోబ్ (మీటర్‌కి నీళ్లలో ముంచే కొన) విప్పితే మెంబ్రేన్ (దాని క్యాప్ చివర ఉండే పల్చటి పొర) ముడతలు పడి ఉంది, లోపల మినపగింజంత గాలి బుడగ. గుంటలో ఆక్సిజన్ పడిపోతున్నా ఆ బుడగలో ఉన్న ఆక్సిజన్ రీడింగ్‌ని దిగనివ్వదు. ముందు రోజు క్యాప్ మార్చింది రాత్రి కాపలా కుర్రాడు. ఎలా మార్చాలో వాడికి ఎవరూ చూపించలేదు, అది వాడి తప్పు కానే కాదు.

రీడింగ్ ఎక్కువ చూపిస్తోంది, లేదా నిలకడగా లేదు

మెంబ్రేన్ రకం ప్రోబ్ అయితే నూటికి తొంభై సార్లు కారణం బుడగ, ముడత లేదా చిరుగు, ఇది నా అనుభవం. క్యాప్ విప్పి, పాత ద్రావణం పారబోసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. కొత్త క్యాప్‌లో ఎలక్ట్రోలైట్‌ని (లోపల పోసే ద్రావణం) అంచు దాకా మెల్లగా నింపి, పక్కన వేలితో రెండు మూడు సార్లు తట్టండి, బుడగలు పైకొచ్చేస్తాయి. తర్వాత ప్రోబ్‌ని నిలువుగా పట్టుకుని నిదానంగా బిగించండి, రెండు చుక్కలు బయటికి పొర్లితేనే లోపల గాలి లేనట్టు. మెంబ్రేన్‌ని తువ్వాలుతో తుడవద్దు, వేలు కూడా తగలకూడదు.

మెంబ్రేన్ ప్రోబుల్లోనే పోలరోగ్రాఫిక్ అనే రకం అయితే ఆన్ చేసిన వెంటనే వచ్చే అంకెను నమ్మకండి, పది పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వాలి. ఆ తర్వాతే కాలిబ్రేషన్, అంటే రీడింగ్ సరిచేసుకోవడం. తడి స్పాంజి ఉన్న మూతలో ప్రోబ్ పెట్టి, మెంబ్రేన్ మీద నీటి బొట్టు లేకుండా చూసుకుని, 100 శాతానికి సెట్ చేయాలి.

ఇంకో కారణం ఉప్పు. మీటర్‌లో సెలినిటీ (నీళ్లలో ఉప్పు ఎంతో చెప్పే సెట్టింగ్) సున్నా దగ్గరే వదిలేస్తారు చాలామంది. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్లు సుమారు 7.5 పీపీఎం ఆక్సిజన్ పట్టుకుంటే, 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) సముద్రపు నీళ్లు 6.2 దగ్గరే ఆగిపోతాయి. అంటే ఆ సెట్టింగ్ మార్చకపోతే ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది, రైతు ధైర్యంగా నిద్రపోతాడు.

రీడింగ్ మరీ తక్కువ, పైగా దిగిపోతూనే ఉంది

ప్రోబ్‌ని కదలకుండా పట్టుకుని ఉంటారు. మెంబ్రేన్ ప్రోబ్ తన ముందున్న ఆక్సిజన్‌ని తనే ఖర్చు పెడుతుంది కాబట్టి నీళ్లలో మెల్లగా ఆడిస్తూ ఉండాలి. అలా ఆడించినా తక్కువే వస్తుంటే, అడుగున నల్లమట్టిలో ప్రోబ్‌ని గుచ్చారేమో అడగండి. అక్కడి కుళ్లిన కోడిగుడ్డు వాసన గ్యాస్ ప్రోబ్ లోపలి ఎలక్ట్రోడ్‌ని (లోహపు కొన) పాడు చేస్తుంది. దాన్ని కంపెనీ ఇచ్చిన సన్నని కాగితంతోనే రుద్దాలి, కిరాణా కొట్టులో దొరికే గరుకు కాగితం వాడితే ప్రోబ్ పోయినట్టే.

ఎలా చేసినా అనుమానం తీరకపోతే చుక్కల టెస్ట్ కిట్‌తో ఒకసారి సరిచూడండి. ఈ లోపు మేత ఆపి, ఏరేటర్లు తిరగనివ్వండి.

పీహెచ్ పెన్ను నత్తలా కదులుతోంది

మూతలో ద్రావణం ఎండిపోయింది, లేదా డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టారు. రెండూ తప్పే. స్టోరేజ్ ద్రావణంలో రాత్రంతా ఉంచి, ముందు 7, తర్వాత 10 బఫర్‌తో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం) సెట్ చేయండి, రొయ్యల గుంట పీహెచ్ మామూలుగా ఆ రెంటి మధ్యే ఉంటుంది. వాడిన బఫర్‌ని మళ్లీ సీసాలో పోయకండి.

ఉప్పు చూసే రిఫ్రాక్టోమీటర్‌కైతే వాడే ముందు డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా చూసుకుంటే చాలు. బోరు నీళ్లు పనికిరావు.

ఇవన్నీ తెలిసినా మళ్లీ మళ్లీ పాడవుతోంది

నెల్లూరు నుంచి కొత్తపట్నం దాకా నేను చూసింది ఒకటే. మీటర్ కొన్నప్పుడు యజమాని నేర్చుకుంటాడు, కానీ తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉండే వేళ దాన్ని నీళ్లలో పెట్టేది జీతగాడు. నేర్పాల్సింది ఆ మనిషికి. నోటితో చెబితే చాలదు, చీకట్లో టార్చి వెలుతురులో వాడే చేసి చూపించాలి. ముత్తుకూరులో ఫిషరీ సైన్స్ కాలేజీ ఉంది, అక్కడికి పోయి అడగడానికి మొహమాటపడొద్దు. కొత్త మీటర్ కొంటుంటే ఆ కుర్రాణ్ణి కూడా షాపుకి తీసుకెళ్లండి. వాడి చేత క్యాప్ విప్పించి, నింపించి, కాలిబ్రేట్ చేయించాకే బిల్లు కట్టండి.