మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో పర్యావరణ నీతిని లెక్కలోకి తెచ్చే పద్ధతి

చిత్తూరు జిల్లాలో తోతాపురి సీజను మొదలైతే పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. లోపలికి పోయిన 100 టన్నుల కాయలో 40 టన్నుల దాకా తొక్క, టెంక రూపంలో బయటికొస్తుంది. అది ఎక్కడికి పోతోందో చూస్తే చాలు, ఆ ఫ్యాక్టరీ పర్యావరణ నీతి ఏపాటిదో తెలిసిపోతుంది. ఆఫీసు గోడకు ఫ్రేము కట్టిన పాలసీ చదవనక్కర్లేదు.

ఆ పాలసీని పనికొచ్చేలా తిరగరాయడం మొదటి పని. ఒక్క పేజీ చాలు. ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఆగితే లైను ఆపే అధికారం ఎవరిది? తొక్క లారీ ఎక్కడ దించిందో ఎవరు సంతకం పెడతారు? టన్ను పల్పుకు నీళ్లు, కట్టెలు, కరెంటు ఎంత దాటితే యజమానికి ఫోను పోవాలి? ఈ మూడింటికీ జవాబులు పేర్లతో సహా ఉండాలి. గేటు బయట కాయ మగ్గిపోతుంటే లైను ఆపమనే ధైర్యం షిఫ్ట్ ఇన్‌చార్జికి ఊరికే రాదు. అధికారం ముందే రాసిచ్చి ఉంటేనే వస్తుంది.

తర్వాత మీటర్లు. బోరు దగ్గర ఒకటి, కాయలు కడిగే చోట ఒకటి, సీఐపీకి (యంత్రాలను విప్పకుండానే లోపల కడిగే ఏర్పాటుకు) ఒకటి పెట్టండి. కట్టెలు తూకం వేశాకే బాయిలర్లోకి పోవాలి. లెక్క టన్ను కాయకు కాదు, టన్ను పల్పుకు రాయండి. పల్పర్ (గుజ్జు తీసే యంత్రం) జల్లెడ అరిగి టెంకకు గుజ్జు అంటుకుని పోతుంటే కాయ లెక్కలో అది కనిపించదు, పల్పు లెక్కలో మర్నాడే బయటపడుతుంది. కార్బన్ లెక్కకు డీజిల్ లీటరుకు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్, గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలో వేసుకోవచ్చు.

ఇక అసలు తంటా మురుగునీటిది. తొక్కనీ టెంకనీ నీళ్లతో కాల్వలోకి నెట్టడం చాలాచోట్ల అలవాటు. చక్కెరంతా నీళ్లలో కరిగి బీవోడీ (నీటిలోని మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్) పెరిగేది అక్కడే. స్క్రూ కన్వేయర్‌తో పొడిగా లాగి, నేలను ముందు రబ్బరు పారతో గీకి, ఆ తర్వాతే పైపు పెట్టి కడగాలి. ఇంతకన్నా చవకైన శుద్ధి లేదు. చివరి కడుగుడు నీళ్లను తర్వాతి బ్యాచ్ మొదటి కడుగుడుకు వాడుకోవచ్చు గానీ, ఆఖరి కడుగుడుకు మాత్రం తాగునీరే ఉండాలి.

మామిడి మురుగులో కార్బన్ ఎక్కువ, నత్రజని, భాస్వరం తక్కువ. గాలి ఊదే ట్యాంకులో సూక్ష్మజీవులకు బీవోడీ, నత్రజని, భాస్వరం 100:5:1 పాళ్లలో కావాలి. రోజుకు లక్ష లీటర్లు, బీవోడీ లీటరుకు 3000 మిల్లీగ్రాములు అనుకుంటే రోజుకు 300 కిలోల బీవోడీ. దానికి సుమారు 15 కిలోల డీఏపీ, 27 కిలోల యూరియా పడుతుంది. ఇది మానేస్తే సూక్ష్మజీవుల బురద కిందికి దిగక తేలిపోతుంది. ఎంత గాలి ఊదినా లాభం లేదు, కరెంటు బిల్లు తప్ప. సాధారణ ప్రమాణాల ప్రకారం పొలానికి వదిలే నీటిలో బీవోడీ లీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు, వాగులోకైతే 30 లోపు ఉండాలి. మీ సీఎఫ్‌వోలో (కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే నడిపే అనుమతిలో) అంతకన్నా కఠినమైన అంకె ఉంటే దానినే పాటించాలి.

సీజను అయ్యాక మురుగు శుద్ధి ప్లాంటు ఎండబెట్టి, జూన్‌లో కాయ వచ్చిన రోజే స్విచ్ వేయడం ఇంకో పొరపాటు. కనీసం మూడు వారాల ముందే పేడనీళ్లో, నడుస్తున్న ప్లాంటు నుంచి తెచ్చిన బురదో పోసి, కొద్దికొద్దిగా మేత (లోపలికి వదిలే మురుగు) పెంచాలి. బయోగ్యాస్ డైజెస్టరైతే పీహెచ్ 6.8 నుంచి 7.4 మధ్య ఉండాలి. 6.5 దిగిందంటే లోపల పులిసిపోతున్నట్టే. వెంటనే మేత ఆపి సోడా గానీ సున్నం గానీ వేయండి. కుదురుగా నడిస్తే తొలగిన ప్రతి కిలో సీవోడీకి (మలినాన్ని రసాయనాలతో కొలిచే ఆక్సిజన్ లెక్కకు) లెక్క ప్రకారం 0.35 ఘనపు మీటరు మీథేన్ వస్తుంది.

బాయిలర్‌లో సులువైన ఆదా కండెన్సేట్ (ఆవిరి చల్లబడి మారిన వేడినీరు) వెనక్కి తేవడం. ఫీడ్ వాటర్ (బాయిలర్‌లోకి పోసే నీరు) ప్రతి 6 డిగ్రీలు వేడెక్కితే ఇంధనం దాదాపు 1 శాతం తగ్గుతుంది. 30 నుంచి 84కి తెస్తే 9 శాతం. అయితే గుజ్జును ఆవిరితో వేడిచేసే స్టెరిలైజర్ ట్యూబు చిల్లుపడితే గుజ్జు కండెన్సేట్‌లో కలుస్తుంది. ఆ చక్కెర బాయిలర్‌లో ఆమ్లంగా మారి నీరు నురగలెత్తుతుంది, గొట్టాలు తినేస్తుంది. అందుకే షిఫ్టుకోసారి కండెన్సేట్ బ్రిక్స్ (చక్కెర శాతం), పీహెచ్ చూసి తేడా ఉంటే కాల్వలోకి వదిలేయాలి.

ఇదంతా ఖర్చు తగ్గిస్తుంది. పక్క ఫ్యాక్టరీ కూడా వచ్చే ఏడాదికి ఇదే చేసుకోగలదు. 2011లో తైవాన్ తయారీ సంస్థల మీద వచ్చిన ఒక అధ్యయనంలో తేలిందీ దాదాపు ఇదే: పర్యావరణ నీతి ఉత్పత్తిలోనూ ప్రక్రియలోనూ హరిత మార్పులకు దారితీసింది గానీ, పోటీలో పైచేయి ఇచ్చింది ఉత్పత్తిలో మార్పే. 2025లో తోతాపురికి కిలో 12 రూపాయలు దక్కేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. గుజ్జొక్కదాన్నే నమ్ముకున్న వాళ్లకు అలాంటి ఏడాది ఊపిరాడదు.

కాబట్టి టెంక మీద మనసు పెట్టండి. లోపలి జీడిలో (గింజ పప్పులో) కొవ్వు ఉంది. చాక్లెట్‌లో కోకో బటర్‌కు తోడుగా యూరప్ అనుమతించిన ఆరు కొవ్వుల్లో ఇదొకటి, సౌందర్య సాధనాల వాళ్లూ కొంటారు. చిక్కల్లా తేమతోనే. తడి టెంక కుప్పపోస్తే త్వరగా బూజు పడుతుంది, కొవ్వు పుల్లబారి ధర పడిపోతుంది. తీసిన రోజే టెంక చీల్చి, జీడిని ఆవిరి పట్టి, తేమ 10 శాతం లోపుకు ఆరబెట్టాలి. జూలై వానల్లో ఎండను నమ్మొద్దు, బాయిలర్ పొగగొట్టం వేడితో గాలి డ్రయ్యర్ పెట్టుకోండి. పొగ మాత్రం జీడికి తగలకూడదు. మిగిలిన పెంకు ఆరాక బాయిలర్‌కే.

మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదిక ఇవ్వాలి. మీ పల్పు కొనే జ్యూస్ కంపెనీ వాటిలో ఉంటే ఈ అంకెలు మిమ్మల్నీ అడగొచ్చు, రిజిస్టరు సిద్ధంగా ఉంచుకోండి. బ్రోషర్‌లో 'పర్యావరణ హితం' అని ఊరికే రాసేయకండి. 2024 అక్టోబరు నుంచి ఇలాంటి మాటకు రుజువు చూపాలని మార్గదర్శకాలున్నాయి. దాని బదులు టన్ను పల్పుకు పోయిన సీజనులో ఎన్ని నీళ్లు, ఈ సీజనులో ఎన్ని అన్నది మీటరు రీడింగులతో రాయండి.