ఎండు గుడ్ల నుంచి కిల్లీ చేపలు

కిల్లీ అంటే చంపేదేమోనని మా ఆవిడ భయపడింది. కాదు, డచ్చి భాషలో ‘కిల్’ అంటే కాలువ. నెత్తిన వెండి చుక్క మెరిసే మన చెరువు చేప అప్లోకైలస్ కూడా ఈ కిల్లీ చేపలుండే సైప్రినోడాంటిఫార్మిస్ క్రమంలోదే. దాని గుడ్లను మాత్రం ఎండబెట్టకండి, చస్తాయి. ఎండబెట్టే ఈ పద్ధతి తూర్పు ఆఫ్రికా కిల్లీ చేప నోథోబ్రాంకియస్‌కి. అక్కడ వానగుంట ఎండితే పెద్ద చేపలు పోతాయి, గుడ్లు మట్టిలోనే ఎదుగుదల ఆపుకుని మళ్లీ వాన కోసం కాచుకుంటాయి.

ట్యాంకులో చిన్న డబ్బా నిండా నానిన పీట్ (సగం కుళ్లిన నాచు పొడి) పెట్టండి, అందులోనే గుడ్లు పెడతాయి. వారానికోసారి తీసి, మెల్లగా పిండి, పేపర్ మీద ఆరబెట్టండి. పిడికిట్లో నొక్కితే చుక్క రాకూడదు, ముట్టుకుంటే చల్లగా తగలాలి. జిప్ కవర్లో వేసి తేదీ రాయండి. నోథోబ్రాంకియస్‌లో గుంథెరీ రకానికి దాదాపు మూడు నెలలు అలా ఉంచాలి. మే నెలలో మా పై అంతస్తు గదిలో కవర్ సరిగ్గా మూయక, గుడ్లన్నీ సొట్టలు పడ్డాయి. హైదరాబాద్ ఎండకి కింది గదే నయం.

భూతద్దంలో గుడ్డు లోపల కళ్లు, చుట్టూ బంగారు వలయం కనిపిస్తే పిల్లలు బయటికొచ్చే టైమైనట్టే. ఆ పీట్‌ని ఒక గిన్నెలో వేసి, ఒకరోజు నిలవ ఉంచిన నల్లా నీళ్లు, చల్లగా, రెండంగుళాల లోతు పోయండి. చేపపిల్లలకు అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిట్టి రొయ్యలాంటి జీవులు) వేయండి.