బొమ్మల ఫొటోలు మసకగా వస్తున్నాయా? కొత్త లెన్సు కొనే ముందు టార్చి వేసి చూడండి

సంక్రాంతి ఇంకో వారం ఉందనగా నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, కెమెరా పోయినట్టుంది. బొమ్మల కొలువు ఫొటోలు తీద్దామంటే బార్బీ మొహమే సరిగ్గా రాకుండా ఉంది. ఏ లెన్సు కొనమంటావు?" నెల్లూరు నుంచి ఒంగోలు దాకా అందరిదీ ఒకటే పాట. కొనేది తర్వాత చూద్దాం, ముందు ఉన్నదాన్ని చూడమంటే మాత్రం ఎవరికీ రుచించదు.

ఫోకస్ బొమ్మ కంటి మీద పెట్టాలనీ, కెమెరా స్టాండు మీద ఉండాలనీ మీకు తెలుసనే అనుకుని రాస్తున్నా.

ఫోకస్ పట్టదు, లెన్సు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది

మరీ దగ్గరికి వెళ్లారు, అంతే. ప్రతి లెన్సుకూ ఇంతకంటే దగ్గరికి రావద్దనే దూరం ఒకటి ఉంటుంది. లెన్సు ఒంటి మీద పువ్వు గుర్తు పక్కన చాలావాటికి రాసే ఉంటుంది. నికాన్ 50 ఎంఎం ఎఫ్1.8జీకి 0.45 మీటర్లు, కెనాన్ 50 ఎంఎం ఎఫ్1.8 ఎస్‌టీఎంకి 0.35. ఈ దూరం లెన్సు మూతి నుంచి కాదు, లోపల వెలుతురును పట్టే సెన్సర్ నుంచి. కెమెరా నెత్తిన చిన్న సున్నాను అడ్డగీత కొట్టేసినట్టు ఒక గుర్తు ఉంటుంది చూడండి, టేపు అక్కడ పెట్టి కొలవాలి. ఈ ఒక్క కొలత వేయకుండా షాపుకు వెళ్లినవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది.

ఇంకో మాట. మొహం నిండుగా రావాలని 50 ఎంఎం కొంటారు. ఏపీఎస్-సీ అనే చిన్న సైజు సెన్సర్ ఉన్న కెమెరా మీద ఆ నికాన్ 50 ఎంత దగ్గరికెళ్లినా ఫ్రేములో 15 సెంటీమీటర్ల వెడల్పు పడుతుంది. అంటే బార్బీలో సగం. కెనాన్ కెమెరాతో పాటు వచ్చే 18-55 ఎఫ్3.5-5.6 ఎస్‌టీఎం లెన్సును 55 దగ్గర పెట్టి 25 సెంటీమీటర్ల దాకా వెళ్తే ఆరు సెంటీమీటర్లే పడుతుంది. మొహం ఫ్రేము నిండా వస్తుంది. అటక మీద పడేసిన లెన్సే పనికొచ్చేది.

తల గుమ్మడికాయంత, కాళ్లు అగ్గిపుల్లలంత

ఇది ఎక్కువగా ఫోన్లతో వచ్చే తంటా. 1959లో వచ్చిన తొలి బార్బీ నుంచీ ఆ బొమ్మ ఎత్తు పదకొండున్నర అంగుళాలు, మనిషిలో ఆరో వంతు. కాబట్టి మీ దూరాన్ని ఆరుతో గుణించి చూసుకోండి. ఫోన్ను 12 సెంటీమీటర్ల దగ్గర పెట్టారంటే, మనిషి మొహానికి రెండున్నర అడుగుల లోపే వైడ్ లెన్సు పెట్టినట్టే. ఎంత అందగత్తె అయినా అలాగే వస్తుంది. వెనక్కి జరిగి రెండింతలో మూడింతలో జూమ్ చేయండి. దగ్గరికి పోగానే ఫోన్ తనంతట తాను అల్ట్రా వైడ్‌కు మారిపోతుంటే, సెట్టింగుల్లో ఆ మాక్రో (దగ్గరి ఫొటోల) మోడు ఆపేయండి. బ్లైత్ బొమ్మ తల మాత్రం 1972లో పుట్టినప్పటి నుంచీ పెద్దదే, ఆ నింద లెన్సు మీద వేయకండి.

నిజంగానే కొత్తది కొనాలంటే ఏపీఎస్-సీ కెమెరాకు 60 ఎంఎం అటూ ఇటూ ఉన్న మాక్రో లెన్సు చాలు. 100 ఎంఎం మాక్రో గొప్పదే, కాదనను. కానీ బార్బీ నిలువెల్లా రావాలంటే మీటరున్నర పైనే వెనక్కి వెళ్లాలి. మన ఇళ్లలో కొలువు ముందు అంత జాగా ఎక్కడిది? వీపు బీరువాకు ఆనుతుంది.

ఒక కన్ను పదును, రెండోది పొగ

ఎపర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, బార్లా తెరిచారు. అడుగున్నర దూరంలో 50 ఎంఎం ఎఫ్1.8 మీద పదునుగా ఉండే లోతు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. రంధ్రం చిన్నది చేసి ఎఫ్8కి తెస్తే ఒకటిన్నర సెంటీమీటర్లు దొరుకుతుంది. ఎఫ్11 దాటితే మళ్లీ మెత్తబడుతుంది. షట్టర్ నెమ్మదిస్తుందని భయమెందుకు, బొమ్మ కదలదు కదా.

ఫొటో అంతా పాలు కలిపినట్టు తెల్లబారింది

నన్ను ముంచింది ఇదే.

లక్షణం ఇలా ఉంటుంది. నల్ల జుట్టు బూడిద రంగులో వస్తుంది. తెల్ల లేసు గౌను అంచులు పక్కలకు కారినట్టుంటాయి. కిటికీ మీ వీపు వెనక ఉంటే ఫొటో బాగానే వస్తుంది, కిటికీ బొమ్మ వెనక పడిందో పాలే పాలు. అందుకే అనుమానం లెన్సు మీదికి పోదు, వెలుతురు మీదికి పోతుంది.

నాదీ అదే కథ. పాత 100 ఎంఎం మాక్రో ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నా. అమ్మినాయన ముందే పది ఫొటోలు తీసి చూసుకున్నా, అన్నీ అద్దంలా ఉన్నాయి. అన్నీ వెలుతురు నా వెనక పెట్టుకుని తీసినవే! దసరాకి వాడి, తోలు సంచీలో పెట్టి, చెక్క బీరువాలో పెట్టేశా. మళ్లీ తీసింది భోగి నాడు. ఫొటోలన్నీ తెల్లగా. కిటికీకి నల్ల కర్టెన్ కొన్నా. ఎల్ఈడీ ప్యానెల్ కొన్నా. బొమ్మ మొహానికున్న మెరుపు వల్లేమోనని పౌడరు కూడా అద్దా, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. చివరికి కెమెరానే అమ్మేద్దామనుకున్న రోజు, పక్కింటి కుర్రాడు ఆడుకుంటూ ఫోన్ టార్చి లెన్సు వెనక నుంచి కొట్టాడు. లోపల గాజు అంచు నుంచి మధ్యకు సాలెగూడులా సన్నటి పోగులు. బూజు. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

మన దగ్గర ఇది ఎందుకు ఎక్కువంటే, నెల్లూరు జిల్లాకు వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. సముద్రం ఎటూ పక్కనే. సరిగ్గా ఆ మూడు నెలలూ కెమెరా చీకటి బీరువాలో, చెమ్మెక్కే గోడకు ఆనుకుని ఉంటుంది. గాలిలో తేమ 60 శాతం దాటి, చీకటిగా ఉండి, గాలి ఆడకపోతే బూజుకు అంతకంటే సుఖమేముంది? వానలు తగ్గగానే కొలువు కోసం బయటికి తీస్తాం. జనవరి ఫోన్లన్నీ అందుకే.

పరీక్ష రెండు నిమిషాల పని. ముందు యూవీ ఫిల్టరు (లెన్సు ముందు బిగించే అదనపు గాజు) విప్పి ఒక ఫొటో తీయండి, చవక ఫిల్టరు కూడా ఇలాగే ముంచుతుంది. ముందు గాజు, వెనక గాజు వేలిముద్రలు లేకుండా తుడవండి. తర్వాత లెన్సు విప్పి, రెండు మూతలూ తీసి, గదిలో లైటు ఆర్పి, టార్చిని ఒక వైపు నుంచి ఏటవాలుగా వేసి రెండో వైపు నుంచి చూడండి. నికాన్ జీ రకం పాత లెన్సులు విప్పగానే లోపలి రంధ్రం మూసుకుపోతుంది, వెనకున్న చిన్న మీటను వేలితో నెట్టి పట్టుకోవాలి. దుమ్ము చుక్కలు కనిపిస్తే వదిలేయండి, ఫొటోకు ఏమీ కాదు. పోగులు కనిపిస్తే బూజు. గాజంతా ఆవిరి పట్టినట్టు ఒకే పొర ఉంటే అది హేజ్ అనే మసక.

ఏసీ గదిలోంచి వరండాలోకి తెచ్చినప్పుడు పట్టే ఆవిరి వేరు, అది దానంతటదే పోతుంది. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట ఆగండి.

బూజు లోపలి గాజు మీద ఉంటే మీరు తుడవలేరు. లెన్సు విప్పే మెకానిక్‌కు ఇవ్వండి, ఆలస్యం చేయకండి. ముదిరితే గాజు పైపూతను తినేస్తుంది, తర్వాత కడిగినా మచ్చ మిగులుతుంది. ఎండలో పెడితే పోతుందంటారు. ఎండకు పెరగడం ఆగుతుందేమో గానీ, పట్టిన పోగు రాలిపోదు.

మళ్లీ రాకుండా: రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్, చిన్న తేమ మీటరు. ముల్లు 40-50 మధ్య ఉండాలి. తోలు సంచీ డబ్బాలోకి పోకూడదు, చెమ్మ దాచేదే అది. బియ్యంలో పెట్టమనే సలహా వినకండి, మన నెల్లూరు మొలగొలుకుల బియ్యమైనా సరే, తవుడు దుమ్ము లెన్సులోకి పోతుంది. బొమ్మల పెట్టెలో కలరా ఉండలు వేసే అలవాటుంటే లెన్సు అందులో పెట్టొద్దు. ఆ ఆవిరి ప్లాస్టిక్ బొమ్మలకూ చేటే, వాటినీ తీసేయండి.

సెకండ్ హ్యాండు లెన్సు కొనేవాళ్లు జేబులో డబ్బు తీసే ముందు టార్చి తీయండి.

అడ్డంగా చారలు, ఫొటోకో రంగు

ఎల్ఈడీ బల్బు మిణుకు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక బల్బు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి. కిటికీ వెలుతురు, బల్బు వెలుతురు కలపకండి.

ఇవేవీ కాకపోతే

లెన్సు గాజు పక్కకు జరగడం, ఆటోఫోకస్ ముందుకో వెనక్కో పట్టడం, సెన్సర్ తేడా, ఇవన్నీ ఉంటాయి గానీ అరుదు. గోడకు న్యూస్ పేపరు అంటించి, నిటారుగా ఎఫ్8లో ఒక ఫొటో తీయండి. ఒక మూల మాత్రమే అక్షరాలు చెదిరితే సర్వీసుకు పంపండి. వాళ్లకు చూపించాల్సిందీ ఆ పేపరు ఫొటోనే. బార్బీ జుట్టు చూపిస్తే "బాగానే ఉంది కదా సార్" అని తిప్పి పంపుతారు.