లేహ్‌లో మొదటి మూడు రోజులు: ఊపిరితిత్తులకు భారం కాకుండా నడవడం ఎలా?

ఢిల్లీలో విమానం ఎక్కి లేహ్‌లో దిగితే ఒక్కపూటలో సుమారు 3,500 మీటర్ల ఎత్తు చేరినట్టే. గాలిలో ఆక్సిజన్ శాతం అక్కడా దాదాపు 21ే, కానీ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులకు పడిపోతుంది.

అందుకే ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. అలా తగ్గగానే ఊపిరితిత్తుల్లోని సన్న రక్తనాళాలు బిగుసుకుంటాయి, అదీ అన్నిచోట్లా సమానంగా కాదు. అప్పుడు పరుగెత్తితే, పెరిగిన రక్తమంతా బిగుసుకోని నాళాల మీదే పడుతుంది. వాటిలో రక్తపీడనం మరీ పెరిగితే కేశనాళికల (అతి సన్నని రక్తనాళాల) గోడల్లోంచి నీరు గాలిగదుల్లోకి ఊరుతుంది. మెల్లగా నడిస్తే రక్తప్రవాహం అంతగా పెరగదు, ఈ ముప్పూ తగ్గుతుంది.

మొదటి రోజు విశ్రాంతే. రెండో రోజు చదును దారిలో 15-20 నిమిషాలు నడవండి, మూడో రోజు అరగంట. శాంతి స్తూపం మెట్ల జోలికి అప్పుడే వెళ్లొద్దు. నడుస్తూ ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలగాలి. మధ్యలో ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైనట్టే. ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం) పెట్టే ముందు చేతులు రుద్ది వెచ్చబరచండి, చల్లటి వేలికి రీడింగ్ తప్పుగా వస్తుంది. కూర్చున్నప్పుడు 85-90 చూపినా అక్కడ మామూలే, అంతకంతకూ పడిపోతుంటే ఆందోళన పడాలి.

జిమ్‌లో కండలు పెంచినవాళ్లకూ మినహాయింపు లేదు. నిజానికి తొందరపడేది వాళ్లే. కూర్చున్నా ఆయాసం, పొడిదగ్గు ఉంటే తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఆక్సిజన్ పెట్టించుకోవాలి.